పదిహేడో రంగు

నాలుగో బిందె సగం నిండింది. అరుణజ్యోతి పైపును కొంచెం పక్కకు వంచి, నురగ తగ్గేదాకా ఆగి, మళ్ళీ బిందెలోకి వదిలింది. ఎల్బీనగర్‌లో ఆ వీధికి కృష్ణా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. కింద ఇంటివాళ్ళ డ్రమ్ములు నిండాక, పైన రేకుల గదిలో కిరాయికుండే జ్యోతి వంతు.

నిన్న సాయంత్రం నుంచి నాలుక ఊరుకోవడం లేదు. మాటిమాటికీ పై వరుసలోని ముందు పన్ను దగ్గరికే పోతోంది. మూల విరిగిన చోట గాజుపెంకు అంచులా తగులుతోంది. దోసిట్లో నీళ్ళు పట్టి పుక్కిలించబోయింది. చల్లదనం తగలగానే నొప్పి కంటి కింద దాకా పాకింది. కళ్ళు మూసుకుని అలాగే నిలబడింది. బిందె నిండి పొర్లింది.

“పైపు తియ్యమ్మాయ్! నీళ్ళన్నీ డ్రైనేజీ పాలు చేస్తున్నావ్,” అని వంటింటి కిటికీలోంచి ఉదయలక్ష్మి కేకేసింది. ఇల్లు ఆమెదే. భీమవరం నుంచి వచ్చి పాతికేళ్ళయినా ఆమె మాటలో భీమవరం అలాగే ఉంది. “ఆ మూతేంటి అలా వాచింది?”

“నిన్న ఆటోల తగిలింది ఆంటీ. చైతన్యపురి కాడ ర్యాలీ ఒచ్చింది. సడన్ బ్రేక్ ఏసిండు. రాడ్ తగిలి పన్ను ఇరిగింది.”

“బస్సులు ఆపేసి ఇరవై రోజులు దాటింది, ఇంకెన్నాళ్ళో ఈ తెలంగాణ సమ్మె. ఏదీ, చూడనీ.” జ్యోతి పెదవి పైకెత్తి చూపింది. ఉదయలక్ష్మికి నవ్వు ఆగలేదు. “పళ్ళ డాక్టరు దగ్గర పని చేస్తూ పన్ను విరగ్గొట్టుకున్నావా! బంగారం కొట్లో పని చేసేదాని మెడలో తాడు తెగినట్టుంది.”

జ్యోతి కూడా నవ్వింది, అలవాటు ప్రకారం పెదవులు విడవకుండా.

నిన్న ఆటోలో వెనక సీట్లో అయిదుగురున్నారు. పక్కనున్న పెద్దావిడ రక్తం చూసి తన రుమాలు జ్యోతి మూతికి అదిమిపెట్టి, కొత్తపేట వచ్చేదాకా చెయ్యి తీయలేదు. దిగేటప్పుడు రుమాలు కూడా అడగలేదు. రాత్రి దాన్ని ఉతికి తీగ మీద వేసింది జ్యోతి. ఇప్పుడు ఆరిన రుమాలును నాలుగు మడతలు పెట్టి బ్యాగులో పెట్టుకుంది. ఆమె మళ్ళీ ఎప్పుడైనా ఆటోలో ఎదురవుతుందేమో.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, చెప్పుల షాపు పైన రెండో అంతస్తులో, కోస్తా నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు కార్తీక్ క్లినిక్. జ్యోతి మూడేళ్ళుగా అక్కడ సహాయకురాలు. డాక్టరు పన్ను తొలిచేటప్పుడు పక్కన నిలబడి గొట్టంతో నోట్లో నీళ్ళు పీల్చాలి, అడగకముందే చేతిలో పనిముట్టు పెట్టాలి, ఆ తర్వాత అన్నీ కడిగి పొట్లాలు కట్టి ఆవిరి డబ్బాలో పెట్టాలి. రోజంతా నిలబడే పని. ఇరవై నాలుగేళ్ళకే సాయంత్రానికి ఆమె మోకాళ్ళు బిగుసుకుంటాయి. అమ్మకు కూడా మొదట మోకాళ్ళే బిగుసుకున్నాయి.

పనిలో ఆమెకు నచ్చేది మాస్క్. అది ఉన్నంతసేపు ఆమె మాట్లాడగలదు, పిల్లలను ఆడించగలదు. “నీ కళ్ళు ఎంత బాగున్నాయే అమ్మాయ్” అని ఒకరిద్దరు ముసలమ్మలు అన్నారు కూడా. మధ్యాహ్నం మాత్రం టిఫిన్ డబ్బా పట్టుకుని ఎక్స్‌రే గదిలోకి పోయి గోడ వైపు తిరిగి తింటుంది.

రిసెప్షన్ సీటు నెల రోజులుగా ఖాళీగా ఉంది. అక్కడి అమ్మాయి పెళ్ళి కుదిరి రాజమండ్రి వెళ్ళిపోయింది. కిటికీ పక్కన గుండ్రంగా తిరిగే కుర్చీ, ఫోను, రిజిస్టరు. వచ్చినవాళ్ళు ముందు ఆ కుర్చీతోనే మాట్లాడతారు. ఎండ గురించి, పిల్లల చదువుల గురించి, సమ్మె గురించి. ఎవరూ లేనప్పుడు జ్యోతి ఆ కుర్చీని తుడిచి, ఒక నిమిషం కూర్చుని లేస్తుంది.

“మాస్క్ తియ్యి జ్యోతీ,” అన్నాడు కార్తీక్. “పొద్దున్నుంచీ చూస్తున్నా, ‘స’ అన్నప్పుడల్లా గాలి పోతోంది.”

తీసింది. అతను చూసి, పేషెంట్లు పడుకునే కుర్చీ వైపు చెయ్యి చూపించాడు.

ఆ కుర్చీలో ఆమె ఎప్పుడూ పడుకోలేదు. కింద నుంచి చూస్తే లైటు ఇంత పెద్దగా ఉంటుందని తెలియదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు. కార్తీక్ అద్దంతో పన్ను వెనకా ముందూ చూశాడు, గాలి ఊది చూశాడు.

“నరం దాకా పోలేదు, అదృష్టం. పేషెంట్లకి చెప్పినట్టే చెప్పనా?”

“నాకు నోటికొచ్చు సార్,” అంది. అంచు నునుపు చేసి వదిలేయడం. ఫిల్లింగ్ పెట్టడం, దానికి పంటిని దాదాపు ముట్టుకోనక్కర్లేదు, కానీ కొన్నేళ్ళకు మళ్ళీ పెట్టించుకోవాలి. వెనీర్, అంటే ముందు వైపు పల్చగా అరగదీసి గోరంత మందాన తెల్లటి పెంకు అతికించడం. క్యాప్ అయితే చుట్టూ అరగదీయాలి. ఇవన్నీ ఆమె వందలసార్లు విన్నది, వినేవాళ్ళ ముఖాలు చూస్తూ.

“ఫిల్లింగ్ చాలు కద సార్.”

“చాలు. రంగు చూద్దాం.” షేడ్ గైడ్ తీశాడు. పన్ను ఆకారంలో ఉన్న పదహారు బిళ్ళలు వరుసగా గుచ్చిన పట్టీ అది. ఎవరి పన్నుకు ఏ నంబరో జ్యోతి దూరం నుంచే చెప్పగలదు. సందేహం వచ్చినప్పుడు కార్తీక్ ఆమెనే అడుగుతాడు. ఇప్పుడు అతనే ఒక్కో బిళ్ళా ఆమె పెదవి కింద పెట్టి చూశాడు. చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికి వచ్చాడు.

“నీ రంగు ఇందులో లేదమ్మా,” అన్నాడు.

ఆమెకు తెలుసు. సుద్దలాంటి తెలుపు మీద అడ్డంగా గోధుమరంగు చారలు. చిన్నప్పుడు ఫ్లోరైడ్ ఉన్న బోరింగు నీళ్ళు తాగిన వాళ్ళందరికీ వాళ్ళ ఊళ్ళో ఇవే పళ్ళు. ఇప్పుడు ఎల్బీనగర్‌లో ఆమె పట్టుకునే కృష్ణా నీళ్ళు సాగర్ రోడ్డు పక్కన పెద్ద పైపులో, నల్లగొండ జిల్లాలోని ఆ ఊరి పొలాలను దాటుకుంటూనే వస్తాయి. బడికి పోయేటప్పుడు ఆమె ఆ పైపు మీద చెవి ఆనించి వినేది.

కార్తీక్ డ్రాయరు లాగి వెతికాడు. చిటికెన వేలంత ట్యూబొకటి చేతికి తగిలింది. “ఇదింకా ఉందా? ఫిల్లింగ్ కిట్టుతో పాటు వచ్చిన బ్రౌన్ రంగు. పారెయ్, మరక పెట్టమని ఎవరడుగుతారు?” ఆమె చేతిలో పెట్టి తన స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. “విను జ్యోతీ. ఆ ఒక్కదానికీ తెల్లగా పెడితే అదొక్కటే కనిపిస్తుంది. ముందు ఆరు పళ్ళకీ వెనీర్లు వేసేద్దాం. నువ్వేమీ ఇవ్వక్కర్లేదు. చికిత్సకు ముందు, తర్వాత ఫోటోలు తీసి మెట్ల దగ్గర బోర్డు పెడదాం. చుట్టుపక్కల నల్లగొండ వాళ్ళు ఎంతమంది లేరు? ఇక్కడి వాళ్ళ బాధ మనకి పట్టిందని తెలియాలి కదా. అసలే రోజులు ఎలా ఉన్నాయో చూస్తున్నావు.” కిటికీ బయటకు చూశాడు. కింద రోడ్డు మీద గులాబీ జెండాలతో ఒక ట్రాలీ ఆటో నినాదాలిస్తూ పోతోంది. “ఆ తర్వాత రిసెప్షన్‌లో నువ్వే కూర్చో. రోజంతా నిలబడే బాధ ఉండదు.”

అతను చెడ్డవాడు కాదు. పోయినేడు ఆమెకు జ్వరమొస్తే తన బండి మీద ఇంట్లో దింపాడు. జ్యోతి పడుకున్న చోటి నుంచే రిసెప్షన్ కుర్చీ వైపు చూసింది.

“సరే సార్,” అంది.

పెదవులను రెండు వైపులా లాగిపట్టే ప్లాస్టిక్ క్లిప్పు తనే కడిగి తెచ్చింది. అది పెట్టుకుంటే చిగుళ్ళతో సహా నోరంతా బయటపడింది. అతను ఫోటో తీశాడు. తర్వాత అచ్చు తీశాడు.

సాయంత్రం డ్రాయరు సర్దుతూ ఆ ట్యూబు జేబులోంచి తీసి చూసింది. మూత తియ్యనే లేదు. మూత విప్పని వస్తువును పారేసే అలవాటు ఆమెకు లేదు. గడువు తేదీ చదివి, దూది ఉండల డబ్బా వెనక పెట్టింది.

శనివారం ల్యాబ్ నుంచి మూస వచ్చింది. కార్తీక్ అందులో మెత్తటి తెల్లటి పదార్థం నింపి ఆమె పళ్ళ మీద నొక్కి పట్టాడు. గట్టిపడ్డాక మూస తీసి, అంచులు గీరి, అద్దం ఇచ్చాడు.

“ఇది ట్రయల్ మాత్రమే. కింద నీ పళ్ళు నీకున్నాయి. జిగురు వెయ్యలేదు, గోటితో లాగితే ఊడొస్తుంది. గట్టివి కొరక్కు. రెండు రోజులు ఉంచుకుని చూడు. సోమవారం మధ్యాహ్నం అసలు పని. ఇష్టం లేకపోతే అప్పటికి చెప్పు. ఒకసారి అరగదీశామంటే ఆ పన్ను తిరిగి రాదు. కాకపోతే మంగళవారం నుంచి ముందు సీట్లో నాకెవరో ఒకరు కావాలి.”

జ్యోతి అద్దంలోకి చూస్తూనే ఉంది. అందులో ఉన్నామె పెదవులు విడిచి నవ్వుతోంది.

వెళ్ళేటప్పుడు అతను ఒక కాగితం చేతిలో పెట్టాడు. మెట్ల దగ్గర పెట్టబోయే బోర్డు నమూనా. “నువ్వు తెలుగు మీడియం కదా, తప్పులేమైనా ఉన్నాయేమో చూసి పెట్టు.”

రోజూ ముఖానికి కట్టుకునే చున్నీని ఆ సాయంత్రం ఆమె కట్టుకోలేదు. మెట్లు దిగుతుంటే చెప్పుల షాపు ఆయన, “ఏంటమ్మా, ఇవాళ ఏదో వేరేగా ఉన్నావ్” అన్నాడు. మూడేళ్ళలో ఆయన ఆమెతో మాట్లాడిన మొదటి మాట అది. ఆటోలో ఒక కాలేజీ పిల్ల తన హాస్టల్ సాంబారు కథ చెబితే జ్యోతి పైకి నవ్వింది. తన నవ్వుకు చప్పుడు ఉందని అప్పుడే విన్నట్టు ఉలిక్కిపడి, మళ్ళీ నవ్వింది. ఆ పిల్ల దిగిపోయాక కూడా చాలాసేపు ఆ తేలికదనం పోలేదు.

కొత్తపేట రైతుబజారులో దిగింది. మట్టయ్య వాళ్ళ పక్క ఊరివాడు. వారానికి మూడుసార్లు ట్రాలీ బండిలో కూరగాయలు తెస్తాడు. మూడేళ్ళ కింద మొదటిసారి బేరమాడుతుంటే జ్యోతి పళ్ళు చూసి, “ఏ ఊరు బిడ్డా? మన నీళ్ళే తాగినట్టున్నవ్” అన్నాడు. అప్పటినుంచి ఆమెకు పట్నంలో ఉన్న చుట్టం ఆయనే.

“బెండకాయ ఎట్ల?” అని నవ్వుతూ అడిగింది.

“పావుకిలో పది మేడమ్. లేతగున్నయ్, చూసుకోండ్రి.”

“కాకా, నేనే.”

మట్టయ్య తలెత్తి చాలాసేపు చూశాడు. “ఓరి, నువ్వా బిడ్డా! గొంతు ఇంటెగాని ఎర్కవట్టలె. ఎవలో సీరియల్ల మేడమ్ అనుకున్న.” తన గోధుమరంగు పళ్ళన్నీ కనబడేలా నవ్వి, తక్కెడ ఎత్తాడు. “మంచిగున్నయ్, మంచిగున్నయ్. అన్నట్టు మీ అమ్మ రేపు నా బండ్ల ఒస్తనన్నది. బతుకమ్మకు నువ్వు రాకపోతివి గద, బస్సుల్లేక. నిన్ను సూసిపోతదట.”

ముల్లు సరిగ్గా మధ్యకు వచ్చేదాకా చూసి సంచిలో పోశాడు. జ్యోతి సంచి ఇంకా తెరిచి పట్టుకునే ఉంది. ఎప్పుడూ ఆయన పైనుంచి ఒక గుప్పెడు కొసరు వేస్తాడు. మట్టయ్య పక్కనున్న ఆమె వైపు తిరిగి, “మీకేంగావాలె మేడమ్” అన్నాడు. జ్యోతి సంచి మూతి కట్టుకుంది.

ఆదివారం తొమ్మిదింటికి జ్యోతి అమ్మ అండాలమ్మ ట్రాలీ బండి దిగింది. మెడ తిరగదు. పిలిస్తే మనిషంతా తిరగాలి. మెట్లెక్కేటప్పుడు ఒక చెయ్యి గోడకు, ఒక చెయ్యి మోకాలికి. జ్యోతి ఆమె సంచి అందుకుంది. మక్కకంకులు, సీతాఫలాలు, నువ్వులపొడి సీసా.

గదిలో కూర్చున్నాక అండాలమ్మ కూతురి ముఖం వెలుతురులోకి తిప్పింది.

“నవ్వే ఒకసారి. ఓయమ్మో! ఎవలి పండ్లే గివి?”

“నావేనే. పైన తొడిగిండ్రు. ఉట్టి ట్రయల్.”

“గౌనేసినట్టేనా పండ్లకు?” అండాలమ్మ పకపకా నవ్వింది. నోరంతా తెరిచి నవ్వే మనిషి ఆమె. ఊళ్ళో నాట్లప్పుడు ఆమె నవ్వు రెండు మళ్ళ అవతలికి వినబడేదని అంటారు. “మంచిగనే ఉన్నవ్ బిడ్డా. సిన్మాల పిల్లలెక్క ఉన్నవ్. ఇగ ఫోన్ల జెప్పిన ఆ కుర్సీల కూసునే పని నీకేనా?”

“నాకే అంటున్నడు సారు.”

“కూసో బిడ్డా, కూసో. నా లెక్క గావద్దు.” తన మోకాళ్ళ మీద రెండు చేతులతో తట్టింది.

మధ్యాహ్నం జ్యోతి గ్యాస్ పొయ్యి మీద కంకులు కాల్చింది. అండాలమ్మ ఆ లోపు గది సర్దుతూ దిండు కింద నుంచి కాగితం తీసింది. జ్యోతి ఒకటికి రెండుసార్లు చదివి పెట్టినదే. తప్పుల్లేవు. ఎడమ పక్క ‘ముందు’, కుడి పక్క ‘తర్వాత’, అక్కడ ప్రస్తుతానికి ఎవరిదో తెల్లటి పళ్ళ నోరు. రెండూ నోళ్ళు మాత్రమే. ముక్కు లేదు, కళ్ళు లేవు.

“జ్యోతీ, గిది నా నోరే గద? నా ఫోటో ఎప్పుడు తీసిండ్రే?”

కంకి తిప్పుతున్న జ్యోతి చెయ్యి ఆగింది. అండాలమ్మ కాగితాన్ని దూరంగా పట్టి, చూపుడువేలితో ఎడమ పక్క ఫోటో మీద ఒక్కో పన్నూ తడుముతోంది. చారలు, మచ్చలు, వరుస, అన్నీ అవే. విరిగిన మూల ఒక్కటే తేడా. దాన్ని ఆమె గమనించలేదు.

“నీది గాదమ్మా. నాదే.”

“నీదా?” మనిషంతా తిరిగి కూతురిని చూసింది, మళ్ళీ కాగితాన్ని చూసింది. ఆమెకు చదువు రాదు. కానీ ఎడమ ఫోటో మీద మూల నుంచి మూలకు కొట్టిన ఎర్రటి ఇంటూ గుర్తుకు చదువు అక్కర్లేదు. “మరి గీ ఎర్రది ఎందుకు కొట్టిండ్రు బిడ్డా?”

కంకి మీద గింజ టప్పున పేలింది. జ్యోతి మంట తగ్గించింది.

అండాలమ్మ కాగితాన్ని మడత మీద మడత పెట్టి దిండు కిందే పెట్టింది. కాసేపటికి ఉదయలక్ష్మి పైకి వచ్చింది, గిన్నెలో పులిహోర పట్టుకుని. “బాగున్నారా అండాలమ్మగారూ? చూశారా మీ అమ్మాయిని! ఇప్పుడు అచ్చం మా ఇంటి పిల్లలా ఉంది. ఆ పళ్ళతో ఎలా పెళ్ళవుతుందా అని నేనే బెంగపడేదాన్ని.”

“అవునమ్మా,” అంది అండాలమ్మ. నవ్వబోతూ కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది.

ఉదయలక్ష్మి దిగిపోయింది. కొంగు మాత్రం అక్కడే ఉంది. తర్వాత మాట్లాడినంతసేపూ అక్కడే ఉంది. మేనత్త కొడుకు బండి కొన్న సంగతి, బోరు ఎండిన సంగతి, అన్నీ కొంగు చాటు నుంచే చెప్పింది. జ్యోతి పుట్టి ఇరవై నాలుగేళ్ళలో అమ్మ తన ముందు నోరు దాచుకోవడం ఎప్పుడూ చూడలేదు.

“కంకి తినే,” అంది జ్యోతి.

“నిన్ను కొరకొద్దన్నరంటివి గద.” అండాలమ్మ కంకి నుంచి గింజలు బొటనవేలితో ఒలిచి, గిన్నె నిండా చేసి కూతురి ముందుకు జరిపింది. తర్వాత తన కంకి తీసుకుని, గోడ వైపు తిరిగి కూర్చుని కొరికింది. మెడ తిరగని మనిషి కాబట్టి వీపంతా కూతురి వైపు తిరిగింది.

జ్యోతి ఆ వీపును చూస్తూ కూర్చుంది. ఎక్స్‌రే గదిలో తను వెనక నుంచి ఎలా కనబడుతుందో ఆమెకు ఇప్పటిదాకా తెలియదు. గిన్నెలోంచి ఒక్క గింజా తీసుకోలేదు.

సోమవారం ఆరింటికి నీళ్ళు వచ్చాయి. మొదటి బిందె కింద పెట్టి పైపు వదిలి, జ్యోతి నల్లా పక్కన గొంతుకూర్చుంది. గోరు చిగురు దగ్గర పెట్టి మెల్లగా ఎత్తింది. తెల్లటి పెంకు కదిలింది. రెండు ముక్కలుగా ఊడివచ్చింది. బోలుగా, తేలికగా ఉంది. రెండు ముక్కలూ స్టీలు మూతలో పెట్టింది. దోసిట నీళ్ళు పట్టి పుక్కిలించింది. నొప్పి మళ్ళీ కంటి కింద దాకా పాకింది. ఈసారి బిందె పొర్లనివ్వలేదు. పైపు రెండో దాంట్లోకి మార్చింది.

వెనక అడుగుల చప్పుడు. అండాలమ్మ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వచ్చింది. ఒక చెయ్యి గోడకు, ఇంకో చేత్తో నోటి దగ్గర కొంగు. మూతలో ముక్కలు చూసి ఆగింది.

“ఊడినాయె బిడ్డా? సారు కోపానికొస్తడా?”

“ఊడలె. నేనే తీసిన.”

“మరి కుర్సీ పని?”

జ్యోతి పైపు వైపు చూసింది. నీళ్ళు చప్పుడు చేస్తున్నాయి. మంగళవారం నుంచి ఆ కుర్చీలో ఎవరో ఒక అమ్మాయి ఉంటుంది. తను లోపల నిలబడే ఉంటుంది. సాయంత్రానికి మోకాళ్ళు బిగుసుకుంటాయి. ఆ అమ్మాయి మంచిదైతే ఎప్పుడైనా లోపలికొచ్చి మాట్లాడుతుందేమో.

“గదేంది, పన్ను ఇరిగిందా? నాకు జెప్పనే లేదు. ఏదీ.”

జ్యోతి లేచి నిలబడింది. చూడాలంటే అండాలమ్మ కూతురి గడ్డం పట్టుకోవాలి. గోడ వదిలితే పడిపోతుంది. ఒక్క క్షణం ఆగి కొంగు వదిలేసింది. అది భుజం మీంచి జారి నడుము దగ్గర వేలాడింది. తడి గడ్డాన్ని పైకెత్తి, బొటనవేలితో పెదవి జరిపి, విరిగిన మూల చూసింది. ఆమె ముఖం చాలా దగ్గరగా ఉంది. కొద్దిగా తెరిచిన నోరు, లోపల గోధుమరంగు చారలు.

“రవ్వంతే పోయింది,” అంది. “మిగిలిందంతా మంచిగనే ఉన్నది.”

కొంగు కోసం మళ్ళీ వెతుక్కోలేదు.

బిందెలు పైకి చేర్చి, జ్యోతి బట్టలు మార్చుకుంది. నిన్నటి గిన్నెలో గింజలు అలాగే ఉన్నాయి. పక్కన కొరకని కంకి ఒకటి మిగిలింది. దాన్ని తీసుకుని నిలబడే కొరికింది. విరిగిన పన్ను జివ్వుమంది. అయినా వరుస చివరిదాకా కొరికింది. దిండు కింద కాగితం, స్టీలు మూతలోని రెండు ముక్కలు బ్యాగులో పెట్టుకుంది. ఫిల్లింగ్ ఒక్కటే, ఆ ఒక్క పన్నుకే. దూది ఉండల డబ్బా వెనక ట్యూబు ఉంది. గడువు ఫిబ్రవరి దాకా. ఫిల్లింగ్ మీద గోధుమరంగు చార ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో, పక్క పన్నును చూసి తను చెప్పగలదు. పదహారు బిళ్ళలు అక్కర్లేదు.

గేటు దగ్గర ఉదయలక్ష్మి పాల ప్యాకెట్లు తీసుకుంటోంది. “ఇంత పొద్దున్నే బయల్దేరావేంటే? ఇవాళేగా నీ...” జ్యోతి ముఖం చూసి ఆగింది. “అయ్యో అమ్మాయ్, పళ్ళేవీ?”

జ్యోతి ఆగింది. వెనక్కి తిరిగి మెట్ల పైకి చూసింది. అండాలమ్మ రేకుల గది ముందు గోడ పట్టుకుని నిలబడి ఉంది. అంత ఎత్తు నుంచి కిందికి వంగి చూడలేక, ఎదురుగా ఉన్న ఆకాశాన్నే చూస్తోంది.

చున్నీ ముఖానికి కట్టకుండా, రెండు కొసలూ భుజం మీద సర్దుకుని, జ్యోతి గేటు గడియ తీసి బయటకు నడిచింది.